గిటారు నేర్చుకుంటున్నారా? ఏ నొప్పో గుర్తించండి

ఇటీవల మా ఓపీకి 62 ఏళ్ల పెద్దాయన ఒకరు వచ్చారు. పన్నెండేళ్లుగా షుగరుకు మందులు వాడుతున్నారు. ఉద్యోగ విరమణ చేశాక మనవడితో పాటే గిటారు క్లాసులో చేరారు. రెండు నెలలు గడిచినా ఎడమ చేతి వేళ్లు సరిగా చాపి తీగల మీద పెట్టలేకపోతున్నారు. ‘ఈ వయసులో ఇక నావల్ల కాదులే’ అని మానేయబోతే, గిటారు మాస్టారే ‘ఒకసారి డాక్టరుకు చూపించుకోండి సార్’ అని పంపించారట.

నేను ఆయన్ని నమస్కారం పెట్టమన్నాను. అరచేతులు కలిశాయి. వేళ్ల మధ్య మాత్రం సందు అలాగే ఉండిపోయింది. ఎంత నొక్కినా వేళ్లు ఒకదానికొకటి ఆనలేదు.

షుగరు ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే చర్మంలో, కీళ్ల చుట్టూ ఉండే కొల్లాజెన్ గట్టిపడుతుంది. వేళ్లు పూర్తిగా చాపడం కష్టమవుతుంది. దీన్ని డయాబెటిక్ కీరోఆర్థ్రోపతీ అంటారు. పెద్దగా నొప్పి ఉండదు కాబట్టి చాలామంది ‘వయసు వల్లేలే’ అనుకుని వదిలేస్తారు. కానీ ఇది ఉన్నవారిలో కంటి రెటీనా, కిడ్నీలు దెబ్బతినే అవకాశమూ ఎక్కువే. అందుకే ఆయనకు కంటి పరీక్ష చేయించాం. రెటీనాలో తొలి మార్పులు కనిపించాయి. చూపు తగ్గకముందే బయటపడటం ఆయన అదృష్టం.

కొత్తగా గిటారు పట్టినప్పుడు చేతుల్లో అప్పటిదాకా తెలియని ఇబ్బందులు ఇలా బయటపడుతుంటాయి. వీటిలో కొన్ని ఓర్చుకోవాల్సినవి, కొన్ని ఎంతమాత్రం ఓర్చుకోకూడనివి. ఈ తేడా తెలియక కొందరు మూడో వారానికే గిటారును అటక ఎక్కిస్తారు. ఇంకొందరు పంటి బిగువున సాధన చేసి చేయి పాడు చేసుకుంటారు.

ఓర్చుకోవాల్సిన నొప్పి

తీగలు నొక్కే వేళ్ల కొనల్లో మంట, సలుపు పుట్టటం మామూలే. కుడి చేతివాటం వారికి ఇది ఎడమ చేతి వేళ్లలో వస్తుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో అక్కడి చర్మం మందమై కాయలు కాస్తుంది. ఆ తర్వాత నొప్పి దానంతటదే తగ్గిపోతుంది. ఎంబీబీఎస్ చదివేటప్పుడు నేనూ గిటారు కొన్నాను. వేళ్ల మంట తట్టుకోలేక ఇరవై రోజుల్లో మానేశాను. ఇంకొక్క వారం ఆగితే తగ్గేదని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

సాధన చేస్తే రోజుకు రెండు సార్లు, ఒక్కోసారి 10-15 నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చుంటే బొబ్బలు తప్ప పాట రాదు. చేతులు నీటిలో నానిన వెంటనే వాయించొద్దు. మెత్తబడ్డ చర్మం తేలికగా చిట్లుతుంది. తీగలు మరీ ఎత్తులో ఉన్నా నొప్పి ఎక్కువవుతుంది. స్టీలు తీగల గిటారుకు 12వ ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎడం 2-3 మిల్లీమీటర్లుంటే సరిపోతుంది. బాగా ఎక్కువుంటే దుకాణంలో సరిచేయించుకోవాలి. నైలాన్ తీగల గిటారు వేళ్లకు మరింత సుఖంగా ఉంటుంది.

ఓర్చుకోకూడని నొప్పి

ఈ కింది లక్షణాలు కనిపిస్తే సాధన ఆపండి. రెండు వారాల విశ్రాంతితో తగ్గకపోతే డాక్టరును కలవండి.

* బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేళ్లలో తిమ్మిర్లు, ముఖ్యంగా రాత్రిపూట: మణికట్టు దగ్గర మీడియన్ నాడి నొక్కుకుపోతుండొచ్చు. దీన్నే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. షుగరు, థైరాయిడ్ లోపం ఉన్నవారిలో, గర్భిణుల్లో ఎక్కువ.
* చిటికెన వేలు, ఉంగరం వేళ్లలో తిమ్మిర్లు: మోచేయి ఎక్కువసేపు మడిచి ఉంచితే అల్నార్ నాడి ఒత్తిడికి లోనవుతుంది.
* వేలు మడిచాక బిగుసుకుని, టక్కుమని తెరుచుకోవటం: ఇది ట్రిగర్ ఫింగర్. ఇదీ షుగరు ఉన్నవారిలో ఎక్కువే.
* బొటనవేలి వైపు మణికట్టులో పోటు: కండర బంధనాల చుట్టూ ఉండే తొడుగులో సమస్య. పసిపిల్లల్ని ఎత్తుకునే తల్లుల్లో తరచూ చూస్తుంటాం.
* పొద్దున లేవగానే వేళ్లు అరగంటకు మించి బిగుసుకుపోవటం, కీళ్లు వాయటం: కీళ్లవాతం ఉందేమో పరీక్షించాలి.

వేళ్లలో పట్టు తగ్గినా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా రెండు వారాలు ఎదురుచూడొద్దు. వెంటనే చూపించుకోవాలి.

షుగరు ఉంటే

నిరభ్యంతరంగా నేర్చుకోవచ్చు. కాకపోతే వేలి కొనల్లో స్పర్శ తగ్గినవారికి తీగ కోసుకున్నా తెలియదు. సాధన అయ్యాక వేళ్లు ఓసారి చూసుకోండి. గ్లూకోమీటర్ పరీక్షకు కాయలు కాసిన వేళ్లను గుచ్చితే రక్తం సరిగా రాదు. రెండో చేతి వేళ్లకు, కొన మీద కాకుండా పక్కన గుచ్చుకోండి.

పిల్లల విషయంలో

ఆరేడేళ్ల నుంచి మొదలుపెట్టొచ్చు. ‘పెద్దయ్యాకా పనికొస్తుంది’ అని పెద్ద గిటారు కొనకండి. భుజం పైకి లేపి, మణికట్టు వంచి పట్టుకోవటమే అలవాటవుతుంది. చిన్నవారికి అరసైజు, ఎనిమిది తొమ్మిదేళ్ల నుంచి ముప్పావు సైజు, పన్నెండు దాటాక పూర్తి సైజు సుమారుగా సరిపోతాయి. వయసు కన్నా చేతి పొడవే ముఖ్యం. పిల్లవాణ్ని దుకాణానికి తీసుకెళ్లి పట్టించి చూడండి. వారానికి అరగంట క్లాసు చాలు. గ్రేడు పరీక్షలకు అప్పుడే తొందర వద్దు. వేళ్లు నొప్పంటే ‘సాకులు చెప్పకు’ అని కసరకండి. ఎక్కడ నొప్పో వేలితో చూపించమనండి.

హెడ్‌ఫోన్స్‌తో ఎలక్ట్రిక్ గిటారు వాయించే పిల్లల చెవులూ జాగ్రత్త. పక్కన కూర్చున్న మీకు శబ్దం వినిపిస్తోందంటే చాలా ఎక్కువగా పెట్టుకున్నట్టే.

పెద్ద వయసులో వస్తుందా?

వస్తుంది, నెమ్మదిగా. తీగ వాద్యాలు వాయించే 9 మంది మెదళ్లను పరిశీలించిన అధ్యయనం ఒకటి 1995లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. వారిలో ఒకరు గిటారిస్టు. ఎడమ చేతి వేళ్ల స్పర్శను గ్రహించే మెదడు భాగం మామూలువారిలో కన్నా వీరిలో పెద్దగా కనిపించింది. చిన్నప్పుడు మొదలుపెట్టినవారిలో ఈ మార్పు మరింత ఎక్కువ. అంటే చిన్న వయసు లాభమే. అలాగని పెద్దవాళ్ల మెదడు నేర్చుకోవటం మానేయదు. గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌కు 1928లో అగ్ని ప్రమాదంలో ఎడమ చేతి రెండు వేళ్లు బాగా దెబ్బతిన్నాయి. మిగతా రెండు వేళ్లతోనే సోలోలు వాయించే పద్ధతి సాధించి, ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు.

కూర్చునే తీరు, మాస్టారు

మంచం మీద ఒరిగి, సోఫాలో కూరుకుపోయి వాయించొద్దు. చేతులు లేని కుర్చీలో, పాదాలు నేలకు ఆనేలా కూర్చోండి. మణికట్టు వీలైనంత నిటారుగా ఉండాలి. తీగల్ని చూడటానికి మెడ వంచి గిటారు మీదికి వాలిపోకండి. ప్రతి 20-25 నిమిషాలకు ఐదు నిమిషాలు చేతులు విదిలించి విశ్రాంతి ఇవ్వండి.

కొత్తవారికి ఒక్కరికే చెప్పే క్లాసుతో ఉన్న లాభం ఇదే. మాస్టారు పాటతో పాటు మీ చేతినీ చూస్తారు. ఆన్‌లైన్ క్లాసైతే ఫోనును మణికట్టు కనిపించేలా పక్కన పెట్టండి. షుగరు, కీళ్లనొప్పులు, పాత దెబ్బలు ఉంటే మొదటి రోజే చెప్పండి. ‘నొప్పి పుడితేనే విద్య వస్తుంది’ అనే చోట చేరకండి.

ఇక మా పెద్దాయన సంగతి. షుగరు మందులు మార్చాం. ఫిజియోథెరపీ విభాగంలో వేళ్లు చాపే వ్యాయామాలు నేర్పించారు. నైలాన్ తీగల గిటారు తెచ్చుకున్నారు. చూపుడు వేలితో ఆరు తీగలూ ఒకేసారి నొక్కే స్వరాలు ఇప్పట్లో వద్దని మాస్టారు పక్కన పెట్టారు. వేళ్లు మునుపటంత సాఫీగా అవుతాయని నేను మాటివ్వలేదు. అయినా క్లాసు మానలేదు. మనవడు తప్పులు పడితే నవ్వుకుంటున్నారు.

మీ ఇంట్లో షుగరు ఉన్నవారెవరైనా ఉంటే, గిటారు నేర్చుకున్నా నేర్చుకోకపోయినా, ఈరోజు ఒకసారి నమస్కారం పెట్టించి చూడండి. వేళ్ల మధ్య సందు ఉంటే డాక్టరుకు చూపించండి.