కార్నివోర్ – క్రవ్యాదము

ఆంగ్లభాషయందు మాంసమును దిను జంతువునకు ‘కార్నివోర్’ అని పేరు. ఇది మన క్రవ్యాదశబ్దమునకు జ్ఞాతియని యెవరికైనఁ దోఁపవచ్చును. అర్థ మొక్కటియే, ధ్వనియుఁ గొంత పోలియున్నది. కాని పోలికమాత్రమున బంధుత్వము సిద్ధింపదు గావున విచారింతము.

లాటినునందు ‘కారో’ యనఁగా మాంసము. షష్ఠీవిభక్తియందు ‘కార్నిస్’ అగును. ‘వొరారె’ యనఁగా మ్రింగుట. ఈ రెంటి కూడికయే కార్నివోర్ శబ్దమునకు మూలము. ‘కారో’కు ఆద్యార్థము కోయఁబడిన తునుక. ఇటలీదేశపు ప్రాచీనభాషలలో నొకటియగు అంబ్రియనునందు దీని సజాతీయపదమునకు ‘భాగము’ అనియే యర్థము. ‘వొరారె’కు సంస్కృతమున గిరతి, గిలతి యను రూపములు సోదరములు.

ఇఁక క్రవ్యశబ్దము వేఱు కుదురునకుఁ జెందినది. నెత్తురను నర్థముగల లాటిను ‘క్రూఒర్’, పచ్చి యను నర్థముగల ఆంగ్లపు ‘రా’ దీనికిఁ జుట్టములు. ఉత్తరపదమందలి ‘అద్’ ధాతువునకు ఆంగ్లపు ‘ఈట్’ చుట్టము. ఋగ్వేదమున శవమును దహించు నగ్ని క్రవ్యాత్తనఁబడెను. అమరసింహుఁడు దీనిని రాక్షసపర్యాయములలోఁ జేర్చెను. కావున నొకదానఁ గోఁత, రెండవదానఁ బచ్చినెత్తురు మూలభావములు. పూర్వపదములకుఁ గాని యుత్తరపదములకుఁ గాని యేకమూలత్వము లేదు.

ఈ వివేచనము పరిభాషాకర్తలకు నవసరము. 1821లో బౌడిచ్ ‘కార్నివోరా’ యను జంతుగణమును బేర్కొనెను. వెదురు మేయు పెద్దపాండా యాగణములోనిదే. మాంసము దిను గ్రద్ద యందుఁ జేరదు. కావున నాహారమునుబట్టి మాంసాహారి యనియు, గణమునకు వేఱొక పేరును వాడుట యుక్తము.