కుంగిన మనస్సునకు వైద్యము

ఇంటిలో నొకరికి జ్వరము తగిలినచో ధర్మామీటరు పెట్టి చూతుము. కాలు విరిగినచో ఎక్స్‌రే తీయింతుము. కాని తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి, మరల కన్ను మూతపడక, లేచి పొయ్యి వెలిగించుటకు సైతము చేతులాడక, బిడ్డలు పిలిచినను పలుకబుద్ధి గాక కూర్చుండిపోవు స్త్రీని చూచినపుడు మనమేమందుము? సోమరితనమందుము. దిష్టి తగిలినదందుము. “నీకేమి తక్కువైనదని యిట్లు కూర్చుంటివి?” అని గద్దింతుము. ఆ స్త్రీకి కలిగినది రోగమని యెఱిగి, దానిని వివిధదేశముల వైద్యులు ఏ రీతిని గుర్తించి మాన్పుచున్నారో సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

వైద్యులు దీనిని డిప్రెషన్ అందురు. తెలుగున కుంగుబాటని వాడుక. ఇది పురుషులకన్న స్త్రీలకు దాదాపు రెండింతలుగా వచ్చుచున్నది. దుఃఖము వేరు, కుంగుబాటు వేరు. అయినవారు పోయినపుడు ఏడ్చుట రోగము గాదు.

ఈ రోగమును రక్తపరీక్షచే నిర్ణయించు మార్గము నేటికిని లేదు. థైరాయిడ్ దోషము, రక్తహీనత మొదలగునవియు నిట్టి నీరసమునే కలిగించును గనుక, అవి లేవని తెలిసికొనుటకు మాత్రమే వైద్యుడు రక్తము పరీక్షించును. తక్కిన నిర్ణయమంతయు మాటలవలననే. అమెరికా మనోవైద్యుల సంఘమువారు 2013లో ప్రకటించిన గ్రంథమున తొమ్మిది లక్షణములు గలవు: మనస్సు దిగులుగా నుండుట, దేనియందును ఆసక్తి లేకుండుట, ఆకలి లేక బరువు మారుట, నిద్ర చెడుట, నడకయు మాటయు మందగించుట లేక నిలుకడ లేకుండుట, అలసట, తాను పనికిరానిదాననను భావము, దృష్టి నిలువకుండుట, చావును గూర్చిన తలంపులు. వీనిలో అయిదైనను రెండు వారములపాటు దాదాపు ప్రతిదినమును ఉండవలెను; అందు మొదటి రెండింటిలో నొకటి తప్పక యుండవలెను. 2022 నుండి అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థవారి పట్టికయు నించుమించుగా నిట్టిదే. దానియందు నిరాశ యనునది పదియవ లక్షణముగా చేరినది.

పట్టిక యొకటియే యైనను, రోగి నోట వచ్చు మాట ప్రతిదేశమునను ఒక్కటి గాదు. 1980లో ఆర్థర్ క్లీన్‌మన్ అను అమెరికా వైద్యుడు చైనాలోని హునాన్ రాష్ట్రమున, నరముల బలహీనత యని నిర్ణయింపబడిన 100 మంది రోగులను పరీక్షించెను. వారు చెప్పినవి తలనొప్పి, నిద్రలేమి, నీరసము. ఓపికతో నడిగి చూడగా 87 మందికి కుంగుబాటే యని తేలినది. మనసు విఱిగినదని చెప్పుటకు వెఱచు కాలమున శరీరమే వారి తరఫున మాటలాడెను. మన స్త్రీలును “ఒళ్లంతయు నొప్పులు, గుండెదడ” అనియే గదా వైద్యునికడ మొఱపెట్టుకొందురు!

జపానులో చాలకాలము, ఆస్పత్రిలో చేర్పవలసిన తీవ్రరోగమునే కుంగుబాటనుచుండిరి. 1999లో క్రొత్త మందులు వచ్చిన తరువాత దీనిని “మనస్సునకు పట్టిన జలుబు” అని ప్రచారము చేసిరి. దానివలన సిగ్గు విడిచి వైద్యునికడకు పోవువారు పెరిగిరి. కాని జలుబువలె దానియంతట నదియే పోవునను పొరపాటునకును ఆ మాట తావిచ్చినది.

ఇంగ్లండులో 2022నాటి వైద్యసూచనల ప్రకారము, రోగము తక్కువగా నున్నవారికి, వారు కోరిననే తప్ప, మొదటనే మాత్రలీయరు. ఆలోచనల తీరును సరిదిద్దు సంభాషణలు, వ్యాయామము, మానివేసిన పనులను కొలదికొలదిగా మరల చేయించుట ముందుగా చూపుదురు. రోగము ముదిరినపుడు మాటయు మందును కలిపి యిత్తురు. మాత్ర వేసికొన్న మరునాడే గుణము కనబడదు. రెండు మొదలు నాలుగు వారములు పట్టును. తగ్గిన పిదపను కొన్ని నెలలు వాడవలెను. వైద్యుని యనుమతి లేక తటాలున మానరాదు.

వైద్యులే చాలని దేశములలో నేమి చేయుదురు? ఆఫ్రికాలోని జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో హరారే నగరపు ఎంబారే పేటయందు 14 మంది అవ్వలకు శిక్షణ నిచ్చెను. ఆస్పత్రి ఆవరణలో చెట్టునీడ నొక బల్ల. దానిపై నొక అవ్వ, ఆమె ప్రక్కన రోగి. అక్కడివారు ఈ బాధను “కుఫుంగిసిస”, అనగా మితిమీరి ఆలోచించుట, అందురు. అవ్వ మొదట మనస్సు విప్పించును. చిక్కులలో నొకదానిని ఎన్నుకొనుమని, దానికి ఉపాయము రోగిచేతనే చెప్పించును. 2016లో ప్రకటించిన పరిశోధనలో 573 మందిని చేర్చుకొనిరి. ఆరునెలల పిదప, అవ్వల సాయము పొందినవారిలో నూటికి 14 మందికిని, పొందనివారిలో 50 మందికిని కుంగుబాటు లక్షణములు మిగిలి యుండెను.

పాకిస్థానులోని రావల్పిండి పల్లెలలో గ్రామారోగ్య కార్యకర్తలు కుంగియున్న గర్భిణుల యిండ్లకు పోయి, “బిడ్డ బాగుండవలెనన్న తల్లి బాగుండవలెను” అను మాటతో అత్తలను, భర్తలను గూడ కలుపుకొనిరి. 2008లో తేలిన ఫలితము: ప్రసవమైన ఆరునెలలకు కుంగుబాటు వీడనివారు వీరిలో నూటికి 23 మంది, ఈ బోధ లేనివారిలో 53 మంది. మన గోవాలోను డాక్టర్ విక్రమ్ పటేల్ బృందము, శిక్షణ పొందిన సామాన్యులచేత ఆరు మొదలు ఎనిమిది సంభాషణలు జరిపించి మేలు కలుగుటను 2017లో చూపినది.

ఈ దృష్టాంతములన్నిటిని బట్టి మేము గ్రహించినది యొక్కటి. చికిత్స పేరేదైనను, అది యొకరు కూర్చుండి మఱియొకరిని నిదానముగా నడుగుటతో ఆరంభమగుచున్నది. ఆ తొలి ప్రశ్న వైద్యుడే యడుగవలెనను నియమము లేదు. తోడికోడలు అడుగవచ్చును, అత్తగారు అడుగవచ్చును. “రాత్రి నిద్ర పట్టుచున్నదా? మునుపు నీకిష్టమైనది ఇప్పుడును ఇష్టముగా నున్నదా?” అని యడిగి, నడుమ అడ్డుపడక వినవలెను. చావు మాట వచ్చినచో వెఱచి మాట మార్చరాదు. చనిపోవలెనని యున్నదా యని సూటిగా నడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. అట్టి స్త్రీని ఒంటరిగా విడువక వెంటనే వైద్యునికడకు గొనిపోవలెను. భారతప్రభుత్వమువారు 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలీమానస్‌కు 14416 అను సంఖ్యతో ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగుననే మాటలాడవచ్చును.

మన దేశమున 2015-16లో జరిగిన జాతీయ పరిశీలనలో, పెద్దలలో ఇంచుమించుగా ఇరువదిమందిలో నొకరు జీవితమున నెప్పుడో యొకప్పుడు ఈ రోగమున పడినవారని తేలినది. అట్లయినచో మన వీధిలోనే, బహుశః మన యింటిలోనే, ఒకరు ఆ తొలి ప్రశ్నకై ఎదురుచూచుచుండవచ్చును. సోదరీమణులారా! ఈ సంచికను మూసిన పిదప, వంటయింటిలో మౌనముగా కూర్చున్న ఆమెను ఒకమారు పలుకరింపుడు.