ఒకే కాలువ, నాలుగు కార్టూన్లు

కార్టూన్ అనగానే కొందరికి టీవీలో తరుముకునే పిల్లీ ఎలుకా గుర్తొస్తాయి. ఇంకొందరికి దినపత్రికలో ఓ మూల నిలబడిన చిన్న బొమ్మ గుర్తొస్తుంది. ఇక్కడ మన విచారణ రెండోదానికే పరిమితం. మొదటిదాని సంగతి పిల్లలకు మనకన్నా బాగా తెలుసు.

1834లో కాలిపోయిన లండన్ పార్లమెంటు భవనాన్ని తిరిగి కడుతూ, గోడలపై వేయించే చిత్రాలకు పోటీ పెట్టారు. గోడ మీద వేయడానికి ముందు దళసరి కాగితంపై అదే కొలతలో గీసుకునే నమూనాను అప్పట్లో కార్టూన్ అనేవారు. 1843లో ఆ నమూనాలను జనం చూడటానికి ప్రదర్శనకు పెట్టారు. ఆ జులై 15న ‘పంచ్’ పత్రికలో జాన్ లీచ్ బొమ్మ ఒకటి వచ్చింది. చిరుగుల బట్టల పేదలు గొప్పవారి చిత్తరువుల వంక చూస్తుంటారు. దానికి ‘కార్టూన్ నంబర్ 1’ అని పేరు పెట్టారు. తిండి లేనివారికి ప్రభుత్వం చిత్రకళ వడ్డించిందన్నమాట. ఆ తర్వాత ఎగతాళి బొమ్మలకు ఆ పేరే స్థిరపడింది.

పేరు కొత్తదే కాని పని పాతది. ఫ్రెంచి రాజు లూయీ ఫిలిప్‌ను ప్రజల సొమ్ము మింగే తిండిపోతు రాక్షసుడిగా గీసినందుకు చిత్రకారుడు దోమియే 1832లో జైలుకెళ్లాడు. 1835లో అక్కడి ప్రభుత్వం బొమ్మలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది, రాతలకు మాత్రం చేయలేదు. సంపాదకీయాలు ఎవరు చదువుతారో ప్రభుత్వాలకు ఎప్పుడూ సరిగ్గానే తెలుసు.

తెలుగులో తొలి కార్టూనిస్టుగా తలిశెట్టి రామారావును చెప్పుకుంటాం. ఆయన పుట్టినరోజు మే 20న తెలుగు కార్టూనిస్టుల దినోత్సవం జరుపుతున్నారు. 1930ల్లో ఆయన కార్టూన్లు ‘భారతి’లో వచ్చేవి. ఆ పత్రికను స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావే అమృతాంజనం కూడా తయారుచేశారు. పత్రికా తలనొప్పీ, దానికి మందూ ఒకే మనిషి దగ్గర దొరికిన కాలమది.

ఇక రకాలు. మైదుకూరు-ప్రొద్దుటూరు రోడ్డు మీది చాపాడునే తీసుకుందాం. అక్కడి కేసీ (కర్నూలు-కడప) కాలువకు నీళ్లు ఆలస్యమయ్యాయనుకుందాం. ఈ ఒక్క విషయాన్ని నాలుగు రకాలుగా గీయవచ్చు.

సంపాదకీయ కార్టూన్‌లో మంత్రిగారు తప్పనిసరి. ఆయన ముక్కో మీసమో సాగదీసి మనిషిని గుర్తుపట్టించాలి. దీన్నే క్యారికేచర్ అంటారు. కాలువగట్టున ఆయన సన్మానపు పూలదండలోని చెమ్మను పొలానికి పిండుతుంటారు. ఈ బొమ్మ పదునైనదే గాని ఆయుష్షు తక్కువ. శాఖ మారితే బొమ్మ మురిగిపోతుంది.

పాకెట్ కార్టూన్‌ది ఒక్క కాలమ్ వెడల్పు. ఆస్బర్ట్ లాంకస్టర్ 1939లో లండన్ ‘డెయిలీ ఎక్స్‌ప్రెస్’లో దీన్ని మొదలుపెట్టాడు. తెలుగువారికి దీని రుచి బాగా తెలిసింది ‘ఈనాడు’లో శ్రీధర్ ‘ఇదీ సంగతి’తో. ఇందులో మంత్రి కనబడనక్కర్లేదు. గట్టు మీద ఇద్దరు రైతులు చాలు.

“నీళ్లిడిసినారంటనే అన్నా?”

“ఇడిసినార్లే, పేపర్లో.”

నా లెక్కలో నాలుగింటిలోనూ ఇదే గట్టిది. మంత్రి మారినా చెల్లుతుంది. మళ్లీ వచ్చే ఏడు వేసుకోవడానికి కాలువ కూడా సహకరిస్తుంది.

మూడోది మాటలు లేని కార్టూన్. ఎండిన మడి వదిలి, దిష్టిబొమ్మ మూటాముల్లె సర్దుకుని బస్సు కోసం నిలబడి ఉంటుంది. దీనికి అనువాదకుడి అవసరం లేదు, కాని గీసేవాడికి చెయ్యి తిరిగి ఉండాలి. గీత తప్పితే ఆదుకోవడానికి కింద వాక్యం ఉండదు.

నాలుగోది ఇంటి కార్టూన్. “కాలువకు నీళ్లొచ్చేదాకా ఉంటాడంట మీ తమ్ముడు” అని భర్త గొణుగుతాడు. ఇక్కడ కాలువ ఒక సాకు, అసలు విషయం బావమరిది. వారపత్రికలు దశాబ్దాలపాటు ఇలాంటివాటి మీదే బతికాయి. బాపు చేతిలో ఆలుమగల పోట్లాటకు కూడా అందం వచ్చింది. మిగతా చాలామంది చేతుల్లో అప్పడాల కర్రే మిగిలింది. తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టుగా పేరుపొందిన రాగతి పండరి వచ్చేదాకా వంటింటి జోకులన్నీ మగవాళ్లే గీశారు. వారిలో ఎందరికి వంటింటి దారి తెలుసో ఎవరూ విచారించలేదు.