కిరణం వెనుక లోహం: చేతిలేజర్ నుంచి ఓర్వకల్లు దాకా

లేజర్ గురించిన రచనల్లో ప్రశంస అంతా కిరణానికే దక్కుతుంది. ఆ కిరణాన్ని పుట్టించే భాగాలను కదలకుండా పట్టి ఉంచి, వాటిలో పుట్టే వేడిని బయటికి పంపే లోహపు తొడుగును మాత్రం చాలామంది ఒట్టి డబ్బాగానే చూస్తారు. ఈ అలక్ష్యం సరికాదు. 1960 నాటి మొదటి లేజర్ మొదలుకొని, ఔత్సాహికులు లేత్ మీద అల్యూమినియం కడ్డీని తొలిచి తయారుచేసుకునే చేతిలేజర్ మీదుగా, కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలో డ్రోన్లను దెబ్బతీసిన ఆయుధం దాకా, ఈ యంత్రం చరిత్రలో కాంతిని పుట్టించడం ఎంత పెద్ద సమస్యో వేడిని వదిలించుకోవడం అంతకన్నా పెద్ద సమస్యగా ఉంటూ వచ్చింది.

శక్తిని పీల్చుకున్న పరమాణువు కొంతసేపటికి దానంతట అదే ఆ శక్తిని కాంతిగా విడిచిపెడుతుంది. అయితే అలా విడిచిపెట్టకముందే సరిగ్గా అంతే శక్తి గల కాంతికణం, అంటే ఫోటాన్, దానిని సమీపిస్తే, వచ్చిన ఫోటాన్‌తో అన్ని విధాలా సమానమైన రెండో ఫోటాన్ అదే దిశలో వెలువడుతుందని ఐన్‌స్టీన్ 1917 నాటికే చూపించాడు. ఉత్తేజిత ఉద్గారం అని పిలిచే ఈ క్రియను ఎదురెదురుగా నిలిపిన రెండు అద్దాల మధ్య పదేపదే జరగనిచ్చి, ఒక అద్దం గుండా కొంత కాంతిని బయటికి రానిస్తే అదే లేజర్. సూత్రం ఇంత సరళమైనా, దాన్ని యంత్రంగా మలచడానికి నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది.

ఆ యంత్రాన్ని మొదట వెలిగించినవాడు థియోడర్ మైమన్. పేరున్న ప్రయోగశాలల్లో పలువురు వాయువులతో కుస్తీ పడుతున్న కాలంలో, కాలిఫోర్నియాలోని మాలిబులో హ్యూస్ పరిశోధనశాలలో పనిచేస్తున్న ఆయన కృత్రిమ కెంపును ఎంచుకున్నాడు. కెంపు పీల్చుకున్న కాంతిలో చాలా స్వల్పభాగమే తిరిగి ఎర్రటి కాంతిగా వెలువడుతుందని అప్పటికి ప్రచారంలో ఉన్న కొలతను నమ్మకుండా తానే మళ్లీ కొలిచి, అది తప్పని తేల్చుకున్న తరువాతే ఆయన ముందుకు సాగాడు. సుమారు ఒక సెంటీమీటరు మందం, రెండు సెంటీమీటర్ల పొడవు ఉన్న కెంపు కడ్డీ చివరలకు వెండిపూత వేసి, దాన్ని ఫోటోగ్రఫీలో వాడే సర్పిలాకారపు ఫ్లాష్ దీపం మధ్యలో నిలిపి, ఆ రెండింటినీ లోపలివైపు నునుపుగా మెరుగుపెట్టిన అల్యూమినియం గొట్టంలో అమర్చాడు. దీపం నుంచి నలుదిక్కులకూ చెదిరే కాంతిని తిరిగి కెంపు మీదికే మళ్లించేది ఆ గొట్టమే కనుక, తొడుగు అక్కడ యంత్రానికి కప్పు కాదు, యంత్రంలో ఒక భాగం. 1960 మే 16న ఆ కెంపు నుంచి 694 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎర్రని కాంతి లేజర్‌గా వెలువడింది.

ఆ పరికరం అరచేతిలో పట్టేంత చిన్నది. ప్రపంచానికి విడుదలైన ఫోటోలో మాత్రం ఛాయాచిత్రకారుడి కంటికి ఆ చిన్న వస్తువు ఆనక, ఇంకా పెద్ద దీపం ఉన్న మరో నమూనా కనిపిస్తుంది. నేటికీ పుస్తకాల్లో ఆ ఫోటోనే మొదటి లేజర్‌గా చలామణీ అవుతున్నది. మైమన్ పత్రాన్ని ఫిజికల్ రివ్యూ లెటర్స్ తిరస్కరించగా నేచర్ పత్రిక ఆగస్టులో ప్రచురించింది. జులైలో జరిగిన పత్రికాసమావేశం తరువాత కొన్ని వార్తాపత్రికలు దీన్ని మృత్యుకిరణంగా వర్ణించాయి. వాటి తొందరపాటును తరువాతి తరాలు చాలాకాలం ఎగతాళి చేశాయి.

లేజర్ నిజంగా జేబులోకి చేరడానికి కారణమైనది అర్ధవాహక డయోడ్, అంటే విద్యుత్తును నేరుగా కాంతిగా మార్చే, బియ్యపుగింజ కన్నా చిన్నదైన స్ఫటికం. 1962లో అమెరికాలో రాబర్ట్ హాల్ బృందం గాలియం ఆర్సెనైడ్‌తో దీన్ని సాధించింది గాని, ద్రవ నైట్రోజన్ చలిలో తప్ప అది పనిచేయలేదు. మామూలు గది ఉష్ణోగ్రత వద్ద ఎడతెగకుండా వెలిగే డయోడ్‌ను 1970లో సోవియట్ యూనియన్‌లో అల్ఫెరోవ్ బృందమూ, అమెరికాలో హయాషి, పానిష్‌లూ సాధించేదాకా డయోడ్ లేజర్ ప్రయోగశాల బయట విస్తృతంగా వాడుకకు రాలేదు. భారతదేశంలో 1964లోనే ట్రాంబేలోని అణుశక్తి కేంద్రం గాలియం ఆర్సెనైడ్ లేజర్‌ను తయారుచేసుకున్నది. 1990ల మధ్యలో జపాన్‌లో షుజి నకమురా నీలి డయోడ్ లేజర్‌ను వెలిగించిన తరువాత, 2010 ప్రాంతంలో అటువంటి నీలి డయోడ్లను రెండు డజన్ల చొప్పున అమర్చిన ప్రొజెక్టర్లు బజారుకు వచ్చాయి. ఔత్సాహికులు వాటిని విప్పి, ఒక్కొక్కటి దాదాపు ఒక వాట్ కాంతినిచ్చే ఆ డయోడ్లను బయటికి తీసి సొంత లేజర్లు కట్టుకోవడం మొదలుపెట్టారు.

సొంత తొడుగు అవసరం సరిగ్గా అక్కడే ఏర్పడింది. ఒక వాట్ కాంతినిచ్చే నీలి డయోడ్ సుమారు నాలుగు వాట్ల విద్యుత్తును తీసుకుంటుంది కనుక మిగిలిన మూడు వాట్లూ వేడిగా మారతాయి. ఆ వేడి సూదిమొన అంత చోట పుట్టడం వల్ల, దాన్ని తక్షణం లాగివేయకపోతే డయోడ్ కాంతి తగ్గి, చివరికి శాశ్వతంగా పాడవుతుంది. ప్లాస్టిక్‌తో పోలిస్తే అల్యూమినియం వేడిని సుమారు వెయ్యి రెట్లు, రాగి ఇంకా ఎక్కువగా ప్రసరింపజేస్తాయి. చూడటానికి అందంగా ఉండే స్టెయిన్‌లెస్ స్టీల్ మాత్రం ఈ పనికి అల్యూమినియంలో పదో వంతైనా పనికిరాదు. అందువల్ల నేర్పు గల తయారీదారు డయోడ్‌ను రాగి లేదా ఇత్తడి దిమ్మెలో గట్టిగా బిగించి, ఆ దిమ్మెను గాలి సందు లేకుండా అల్యూమినియం గొట్టంలో కూర్చి, గొట్టం మీద గాడులు తీసి గాలికి తగిలే వైశాల్యాన్ని పెంచుతాడు.

ఈ లెక్కలో రాయలసీమ వేసవికి ప్రత్యేక స్థానం ఉన్నది. నూరు గ్రాముల అల్యూమినియం తొడుగులోకి మూడు వాట్ల వేడి చేరుతుంటే, గాలికి పోయేది వదిలేసి చూస్తే, దాని ఉష్ణోగ్రత దాదాపు అరనిమిషానికి ఒక డిగ్రీ చొప్పున పెరుగుతుంది. చేయి ఓర్చుకోగల హద్దు 50 డిగ్రీలనుకుంటే, 25 డిగ్రీల చల్లని సాయంత్రం అది పన్నెండు నిమిషాలకు పైగా వెలుగుతుంది. నంద్యాలలో మే నెల 43 డిగ్రీల మధ్యాహ్నం మూడున్నర నిమిషాలకే ఆపవలసి వస్తుంది. చల్లని దేశాల్లో రాసిన కొలతలను ఇక్కడ యథాతథంగా వాడరాదు.

కిరణం చెదరకుండా అనంతదూరం పోతుందన్న నమ్మకం కూడా సరికాదు. బజారులో దొరికే చేతిలేజర్ కిరణం సాధారణంగా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున వెడల్పవుతుంది. నల్లమల పాదంలోని మహానంది నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న నంద్యాల వైపు దాన్ని చూపితే, అక్కడికి చేరేసరికి పదిహేను మీటర్ల మరక అవుతుంది. వేడెక్కిన నేల మీద గాలి పొరల సాంద్రత క్షణక్షణం మారడం వల్ల ఆ మరక నిలకడగా ఉండక ఊగుతుంది. ఎండమావులకు కారణమైన వక్రీభవనమే ఇక్కడా పనిచేస్తుంది. ఈ వెడల్పు ప్రమాదాన్ని తగ్గిస్తుందని భ్రమపడరాదు, ఎందుకంటే 2021లో ఓర్వకల్లులో ప్రారంభమైన విమానాశ్రయంలో దిగబోయే విమానం వైపు రెండు కిలోమీటర్ల నుంచి దాన్ని తిప్పితే, రెండు మీటర్ల ఆ వెలుగు చోదకుడి అద్దాన్ని నింపి చూపును చెదరగొట్టడానికి చాలు.

పత్రికలు 1960లో ఊహించిన ఆయుధం ఈ ఓర్వకల్లు మెట్ట నేలల్లోనే రూపం దాల్చడం విశేషం. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు చెందిన హైదరాబాద్ ప్రయోగశాల ‘చెస్’, 2017లో కర్ణాటకలోని చిత్రదుర్గలో ఒక కిలోవాట్ లేజర్‌తో 250 మీటర్ల దూరంలోని లోహపు రేకుకు 36 సెకన్లలో రంధ్రం చేసింది. ఎనిమిదేళ్లు తిరగకముందే, 2025 ఏప్రిల్ 13న, కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలోని జాతీయ బహిరంగ ప్రయోగ క్షేత్రంలో అదే ప్రయోగశాల 30 కిలోవాట్ల శ్రేణి లేజర్‌తో మానవరహిత విమానాన్నీ, డ్రోన్ల గుంపునూ దెబ్బతీసింది. 36 సెకన్లలో అందిన శక్తిని ఇది సెకనుకు కాస్త ఎక్కువ వ్యవధిలోనే అందిస్తుంది. ఇంతటి లేజర్లు తీసుకున్న విద్యుత్తులో సాధారణంగా సగం కూడా కాంతిగా మారదు కనుక, కిరణంలో పోయే శక్తి కన్నా ఎక్కువ శక్తి వేడిగా, లేజర్‌ను మోసే వాహనంలోనే మిగులుతుంది. చేతిలేజర్‌లో నూరు గ్రాముల గొట్టం చేసే పనిని ఇక్కడ పెద్ద శీతలీకరణ యంత్రాంగం చేయవలసి ఉంటుంది.

ఇంటి లేజర్ విషయంలో తీర్పు కఠినంగానే ఉండాలి. కంటి కటకం సమాంతర కిరణాన్ని రెటీనా మీద వెంట్రుక మందం కన్నా చిన్న చుక్కగా కేంద్రీకరిస్తుంది కనుక, అంతర్జాతీయ ప్రమాణాలు 5 మిల్లీవాట్లు దాటిన దాన్నీ, 500 దాటిన దాన్నీ వేర్వేరు ప్రమాదకర తరగతుల్లో చేర్చాయి. ఒక వాట్ నీలి లేజర్ రెప్పపాటు కన్నా ముందే చూపును పోగొట్టగలదు. గోడ మీద పడిన దాని చుక్కను దగ్గర నుంచి చూడటం కూడా క్షేమం కాదు. చవక ఆకుపచ్చ లేజర్లలో అడ్డుగాజు లోపిస్తే కంటికి కనిపించని పరారుణ కాంతి కూడా బయటికి వస్తుంది. లోహం మలచడంలో ఆసక్తి గల విద్యార్థులు 5 మిల్లీవాట్ల లోపు ఎర్ర డయోడ్‌తో ఎంత చక్కని తొడుగైనా చేసుకోవచ్చు; అంతకు మించినదాన్ని, ఆ తరంగదైర్ఘ్యానికి తగిన రక్షణ కళ్లద్దాలూ, పర్యవేక్షకుడూ ఉన్న ప్రయోగశాలకు వదిలిపెట్టాలి.