ఆరవ సంఖ్య

4,29,49,67,297. దీనిని నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు అని చదవాలి. చూడడానికి ఇది పది అంకెలు గల మామూలు సంఖ్యే. కాని ఒక గొప్ప గణితవేత్త నమ్మకం ఈ సంఖ్య దగ్గర వీగిపోయింది.

1 కంటె పెద్దదై, 1తోను తనతోను తప్ప మరే సంఖ్యతోను నిశ్శేషంగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. 7, 13, 29 అటువంటివి. ఇప్పుడు 2తో మొదలుపెట్టి, వచ్చిన సంఖ్యను దానితోనే హెచ్చిస్తూ పోదాం. 2, 4, 16, 256, 65,536 వస్తాయి. ఒక్కొక్కదానికి 1 కలిపితే 3, 5, 17, 257, 65,537 అవుతాయి. ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే.

ఫ్రాన్సు దేశంలోని టూలూజ్ నగరంలో న్యాయాధికారిగా ఉన్న పియరీ ద ఫెర్మాకు గణితమంటే ప్రాణం. ఈ వరుసలో ఎంత దూరం పోయినా ప్రధాన సంఖ్యలే వస్తాయని ఆయన 1640లో ఒక ఉత్తరంలో రాశాడు. నిరూపణ మాత్రం తన వద్ద లేదని ఒప్పుకొన్నాడు. వరుసలో ఆరవదే 4,29,49,67,297. ఇది ప్రధాన సంఖ్య అని నేరుగా తేల్చాలంటే, 65,536 లోపు గల 6,542 ప్రధాన సంఖ్యలలో ప్రతిదానితోను భాగించి చూడాలి. లెక్కలు ఎక్కువగా కాగితం, కలంతోనే చేసే కాలమది.

తొంభై రెండేళ్లు గడిచాయి. 1732లో రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేస్తున్న ఇరవై అయిదేళ్ల లియొనార్డ్ ఆయిలర్ ఈ సంఖ్యను 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపాడు.

641 × 67,00,417 = 4,29,49,67,297

ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 యొక్క గుణిజం కంటె 1 ఎక్కువగా ఉండాలని ఆయిలర్ తరువాత నిరూపించాడు. అటువంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఆ సూత్రం తెలిసినవారికి అయిదవ భాగాహారంలోనే జవాబు దొరుకుతుంది.

దీనిని మీరూ సరిచూడవచ్చు. 65,536ను 641తో భాగిస్తే శేషం 154. కాబట్టి 65,536ను దానితోనే హెచ్చించి 641తో భాగిస్తే వచ్చే శేషం, 154 × 154ను భాగిస్తే వచ్చే శేషమే. 154 × 154 = 23,716. దీనిని 641తో భాగిస్తే 640 మిగులుతుంది. దానికి 1 కలిపితే 641. అంటే శేషం ఏమీ మిగలదు.

అయిదు ఉదాహరణలు సరిపోయినంత మాత్రాన ఆరవది సరిపోతుందని చెప్పలేం. చెప్పినవారు ఎంతటివారైనా, గణితంలో మాట నిలిచేది నిరూపణ మీదనే. ఫెర్మా చెప్పిన మరికొన్ని మాటలకు నిరూపణలు సమకూర్చి నిలబెట్టినవాడూ ఆయిలరే. ఫెర్మా వరుసలో ఆ అయిదింటి తరువాత మరొక ప్రధాన సంఖ్య ఈనాటివరకు కనబడలేదు. ఇక ముందు రాదని ఎవరూ నిరూపించనూ లేదు.