ట్యూబు వెనక్కి తిప్పి చదవండి

ఎండను ఆపేదేదో, ఎవరికి ఏది సరిపడుతుందో చెప్పేది చిన్న అక్షరాల జాబితాయే

వేసవి సంచిక ముఖచిత్ర కథనానికి సన్‌స్క్రీన్లను తీసుకోమన్నారు ఎడిటర్. ఇంటిల్లిపాదికీ పనికొచ్చే పది క్రీములు ఏరి, ధరలతో సహా శుక్రవారానికల్లా ఇవ్వాలన్నది ఆదేశం. గడువు దాటలేదు గానీ ఆ పది పేర్లు మాత్రం ఇందులో లేవు. మందుల షాపుల్లోనూ తెలిసినవాళ్ల ఇళ్లలోనూ దొరికిన ట్యూబులన్నీ తిరగేస్తూ పోతే, ముందువైపు మెరిసే మాటలకన్నా వెనక చీమతలకాయంత అక్షరాల్లో అచ్చయిన నాలుగు వరుసల్లోనే అసలు సంగతంతా కనిపించింది. ముందువైపు ఏం వేయాలన్నది చాలామటుకు కంపెనీ ఇష్టం. వెనకున్న పదార్థాల జాబితాను చట్టం వేయించింది. పిల్లల ఒంటికి రోజూ పూసే వస్తువు విషయంలో నేను ఆ రెండోదాన్నే నమ్ముతాను. దాన్ని చదవడం వస్తే ఎవరో ఏరిచ్చిన పది పేర్లతో పని ఉండదు.

నీళ్ల తర్వాత ఏముంది?

మన దేశంలో సన్‌స్క్రీన్ మందు కాదు. స్నోలు, పౌడర్లు, లిప్‌స్టిక్‌ల లాగే అదీ సౌందర్య సాధనమే. కాస్మెటిక్స్ రూల్స్-2020 ప్రకారం అందులో కలిపిన పదార్థాల పేర్లు డబ్బా మీద వేయాలి. ఒక శాతానికి మించి ఉన్నవి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రావాలి. ఒక శాతం, అంతకు లోపు ఉన్నవి వాటి తర్వాత ఏ వరుసలోనైనా ఉండొచ్చు.

ఈ ఒక్క నియమం గుర్తుంచుకుని చదివితే చాలు. 'జింక్‌తో' అని ముందువైపు పెద్దగా వేసిన ట్యూబును వెనక్కి తిప్పండి. నీళ్ల తర్వాత రెండో మూడో పేరుగా జింక్ ఆక్సైడ్ కనిపిస్తే, ఎండను ఆపే పని అది నిజంగా చేస్తున్నట్టే. సువాసన కోసం, నిల్వ కోసం వేసే వాటి పక్కన జాబితా చివర్లో కనిపిస్తే పేరుకు కలిపినట్టు. కలబంద, పసుపు, చందనం, కుంకుమపువ్వుల బొమ్మలున్న ట్యూబుల్లో ఆ పేర్లు నాకు ఎక్కువగా ఆ చివర్లోనే తగిలాయి. వాటివల్ల హాని ఉందని అనడం లేదు. ఎండను ఆపేవి మాత్రం అవి కావు.

ఆ నియమానికే ఒక మినహాయింపు కూడా ఉంది. 30 గ్రాముల లోపు క్రీములకు, 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకు పదార్థాల జాబితా వేయనక్కర్లేదు. పెద్ద ట్యూబు కొనలేక చిన్నవి కొనుక్కునేవాళ్లకు ఏం పూసుకుంటున్నామో తెలిసే వీలే లేకుండా పోతోంది. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు. సమాచారం ఎక్కువ అవసరమయ్యేది వాళ్లకే.

ఇంకో లోటు శాతాలది. అమెరికాలో ఉంటున్న పిల్లలు సెలవులకొచ్చినప్పుడు చాక్లెట్లతో పాటు సన్‌స్క్రీన్లూ తెస్తున్నారు. అలాంటి ట్యూబు ఇంట్లో ఉంటే మన ట్యూబు పక్కన పెట్టి చూడండి. అక్కడ సన్‌స్క్రీన్‌ను మందుగా లెక్కేస్తారు. అందుకే వెనక 'డ్రగ్ ఫ్యాక్ట్స్' అని ఒక గడి ఉంటుంది. ఎండను ఆపే ప్రతి పదార్థం పేరు పక్కన అది ఎంత శాతం ఉందో వేసి ఉంటుంది. మన దగ్గర ఏ పదార్థం ఎంతవరకు కలపొచ్చో భారతీయ ప్రమాణాల సంస్థ పరిమితులు పెట్టింది గానీ, కలిపినదెంతో కొనేవాళ్లకు చెప్పాలన్న నిబంధన లేదు. కొన్ని కంపెనీలు తమంతట తాముగా వేస్తున్నాయి. రెండు ట్యూబులు ఒకేలా ఉంటే, శాతం వేసినదాన్నే కొనమంటాను.

అంతమాత్రాన అమెరికా సరుకే మేలనుకోవద్దు. మందుగా లెక్కేయడం వల్ల కొత్త పదార్థానికి అక్కడ అనుమతి దొరకడం చాలా కష్టం. యూరప్‌లోనూ మన దేశంలోనూ వాడుకలోకి వచ్చిన మెరుగైన ఫిల్టర్లు, అంటే ఎండను ఆపే పదార్థాలు, పాతికేళ్లపాటు అక్కడి ట్యూబుల్లోకి రాలేకపోయాయి. మన షాపులో దొరికే ట్యూబు ఈ విషయంలో సూట్‌కేసులో వచ్చినదానికంటే బాగుండొచ్చు.

ఒకటే పదార్థం, రెండు పేర్లు

జాబితా చదివేటప్పుడు ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఆక్సీబెంజోన్ అనే ఫిల్టర్ వద్దని ఎక్కడో చదివి, ట్యూబు మీద ఆ పేరు వెతికి, లేదని నిశ్చింతగా కొనేస్తారు. అదే పదార్థం మన ట్యూబు మీద బెంజోఫినోన్-3 అని ఉంటుంది. ఆక్టినాక్సేట్ అనేది ఈథైల్‌హెక్సైల్ మెథాక్సీసిన్నమేట్‌గా, అవోబెంజోన్ అనేది బ్యూటైల్ మెథాక్సీడైబెంజోయిల్‌మీథేన్‌గా కనిపిస్తాయి. ఈ మూడు జంటలనూ ఫోన్లో రాసిపెట్టుకుని షాపుకెళితే సరిపోతుంది.

ఆక్సీబెంజోన్ మీద ఇంత చర్చ ఎందుకంటే దానికి కారణాలున్నాయి. 2019లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన పరిధిలోని ఎండ ఫిల్టర్లను మూడు గుంపులు చేసింది. ఉన్న ఆధారాలను బట్టి సురక్షితం, సమర్థం అనగలిగినవి రెండే: జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్. వాడకూడదన్నవీ రెండే. మిగతా పన్నెండింటి గురించి మరింత సమాచారం కావాలంది. ఆక్సీబెంజోన్, అవోబెంజోన్, ఆక్టినాక్సేట్ ఆ పన్నెండులోనివే. అదే ఏడాది ఆ సంస్థ శాస్త్రవేత్తలు 24 మందికి ఒంట్లో ముప్పాతిక భాగం మీద రోజుకు నాలుగుసార్లు, నాలుగు రోజులు సన్‌స్క్రీన్ పూసి రక్తం పరీక్షించారు. మిల్లీలీటరు రక్తద్రవంలో 0.5 నానోగ్రాములు దాటితే ఆ పదార్థం మీద మరిన్ని పరీక్షలు జరగాలన్నది వాళ్ల గీత. పరీక్షించిన ఫిల్టర్లన్నీ ఆ గీత దాటాయి. ఆక్సీబెంజోన్ కొన్ని వందల రెట్లు దాటింది.

ఈ వార్త అప్పట్లో చాలామందిని భయపెట్టింది. రక్తంలోకి చేరింది కాబట్టి హాని చేస్తుందని ఆ పరిశోధన తేల్చలేదు. సన్‌స్క్రీన్ మానేయవద్దనే ఆ శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ తర్వాత యూరోపియన్ యూనియన్ ఒంటికి పూసే క్రీముల్లో ఆక్సీబెంజోన్‌ను 2.2 శాతానికి, ముఖానికి వాడేవాటిలో 6 శాతానికి పరిమితం చేసింది. చర్మానికి పడకపోవడం కూడా దీనితో ఎక్కువే. అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2014లో బెంజోఫినోన్లను ఆ ఏటి ముఖ్య అలర్జీకారకంగా ప్రకటించింది. పగడపు దిబ్బలకు ముప్పని హవాయి రాష్ట్రం 2021 నుంచి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్‌లున్న క్రీముల అమ్మకాన్నే ఆపేసింది. ఇది లేకుండా బోలెడు మంచి ట్యూబులు దొరుకుతున్నప్పుడు, పిల్లలున్న ఇంట్లోకి దీన్ని తేవాల్సిన పని నాకు కనబడలేదు.

మరి చర్మంలోకి ఇంకనివి ఏవి? అణువు ఎంత పెద్దదైతే చర్మం దాటడం అంత కష్టం. అణుభారం 500 దాటితే లోపలికి వెళ్లడం బాగా తగ్గిపోతుందని చర్మశాస్త్రంలో ఒక లెక్క ఉంది. ఆక్సీబెంజోన్ అణుభారం 228. బెమోట్రిజినాల్ అనే కొత్తతరం ఫిల్టర్‌ది 628. ట్యూబు మీద ఇది బిస్-ఈథైల్‌హెక్సైలాక్సీఫినాల్ మెథాక్సీఫినైల్ ట్రయజీన్ అని మూరెడు పొడుగున ఉంటుంది. చివర్లో మెథాక్సీఫినైల్ ట్రయజీన్ కనిపిస్తే గుర్తుపట్టొచ్చు. ఎండలో విరిగిపోకుండా నిలబడుతుంది, విరిగిపోయే స్వభావమున్న అవోబెంజోన్‌ను కూడా నిలబెడుతుంది. అవోబెంజోన్, ఆక్టినాక్సేట్ మాత్రమే ఉన్న ట్యూబు కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఎండ తగిలితే అవి ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి.

పిల్లలకు జింకే

జింక్ ఆక్సైడ్ అంటే నాకు మొదటినుంచీ అభిమానం. చెమటకాయలకు పూసే గులాబీరంగు కాలమైన్ లోషన్లో, పసిపిల్లల డైపర్ దద్దుర్లకు రాసే తెల్ల క్రీములో తరాలుగా ఉన్నది ఇదే. చర్మం మీదే ఉండిపోతుంది, లోపలికి వెళ్లదు, మంట పుట్టించదు, ఎండలోని యూవీ-ఎ, యూవీ-బి కిరణాలు రెంటినీ ఆపుతుంది. అద్దంలా ఎండను వెనక్కి కొడుతుందని చాలాచోట్ల రాస్తుంటారు గానీ, అది వెనక్కి కొట్టేది చాలా తక్కువ. ఎక్కువ భాగాన్ని తనలోకి పీల్చుకునే ఆపుతుంది. చామనఛాయ ముఖం మీద తెల్లగా తేలడమే దీంతో చిక్కు. బడికెళ్లే పిల్లల చేతుల మీద, మెడ మీద ఆ తెలుపు పెద్ద సమస్య కాదు. స్ప్రేలు, పొడులు మాత్రం పిల్లలకు వద్దు. చర్మానికి మేలు చేసేదే అయినా ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు.

మన చర్మం అడిగే ప్రశ్న వేరు

ట్యూబు మీద వేసే ఎస్‌పీఎఫ్ అంకె పుట్టింది మన చర్మం కోసం కాదు. 1936లో ఫ్రాన్స్‌లో యూజీన్ షూలర్ సముద్రతీర విహారులకు నూనె తయారుచేశాడు. 1946లో ఆస్ట్రియాకు చెందిన ఫ్రాంజ్ గ్రైటర్ మంచుకొండలెక్కేవారికి క్రీము తెచ్చాడు. 1962లో ఆయనే ఎస్‌పీఎఫ్ లెక్కను ముందుకు తెచ్చాడు. 1978లో అమెరికా దాన్ని తీసుకుంది. 1996లో జపాన్ 'పీఏ' ప్లస్‌లను జోడించింది.

ఎస్‌పీఎఫ్ పరీక్షలో చూసేది చర్మం ఎప్పుడు ఎర్రబడుతుందన్నది. పరీక్షకు తీసుకునేది లేత రంగు చర్మం ఉన్నవాళ్లను. మన ఇళ్లలో ఎండ గురించిన బాధ ఎర్రబడటం కాదు, నల్లబడటం, చెంపల మీద మంగు మచ్చలు. ఈ రెంటికీ యూవీ-ఎ పాత్ర పెద్దది. అది కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది. పీఏ ప్లస్‌లు కొలిచేది సరిగ్గా చర్మం నల్లబడటాన్నే. కాబట్టి ఎస్‌పీఎఫ్ 30 ఉంటే చాలు, 50కి దానికీ తేడా కొద్దిగానే: సరిగ్గా పూస్తే ఒకటి యూవీ-బిలో సుమారు 97 శాతం ఆపుతుంది, మరొకటి 98. ప్లస్‌లు మాత్రం మూడు తక్కువ కాకుండా, దొరికితే నాలుగు ఉన్నది చూడండి.

మంగు ఉన్నవాళ్లకు ఇదీ చాలదు. కంటికి కనిపించే వెలుగు కూడా చామనఛాయ, నలుపు చర్మాలను మరింత నల్లబరుస్తుందని 2010లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. ఆ వెలుగును మామూలు సన్‌స్క్రీన్ ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్లు ఆపుతాయి. ఇవి ఇటుకరంగు, పసుపు, నలుపు వన్నెల్లో ఉండే ఇనుము ఆక్సైడ్ పొడులు. మెక్సికోలో మంగు ఉన్నవాళ్ల మీద జరిగిన పరీక్షలో ఇవి కలిపిన సన్‌స్క్రీన్ వాడినవాళ్లకు మచ్చలు ఎక్కువ తగ్గాయి. జాబితా చివర్లో సీఐ 77491, 77492, 77499 అంకెలు వెతకండి. 'టింటెడ్' అని రాసిన ట్యూబుల్లో ఉంటాయి. ముఖంలో కలిసిపోయే ఆ రంగే జింక్ తెలుపును కూడా కప్పేస్తుంది. అమ్మకూ అత్తయ్యకూ కొనేటప్పుడు నేను మొదట చూసేది ఈ అంకెలనే.

ఎంత పూయాలి?

ట్యూబు మీది ఎస్‌పీఎఫ్ రావాలంటే చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూయాలి, పరీక్షలో పూసేది అంతే. ముఖానికి, మెడకు కలిపి ఒక గ్రాము పైచిలుకు అవుతుంది. చూపుడువేలు, నడిమివేలు పొడుగునా రెండు గీతలుగా పిండితే దాదాపు అంత. నలుగురున్న ఇంట్లో రోజుకు రెండుసార్లు పూస్తే 50 గ్రాముల ట్యూబు ఐదారు రోజుల్లో అయిపోతుంది. నెలల తరబడి నడుస్తోందంటే ఎవరూ సరిపడా పూసుకోవడం లేదన్నమాట. ఇంత ఖర్చు అందరూ భరించలేరు. అందుకే గొడుగు, నిండుచేతుల చొక్కా, టోపీ, తలమీద కొంగు ముందు, అవి కప్పలేని చోటికి సన్‌స్క్రీన్. ఎండలో కూలికి, చేపల వేటకు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగిందీ ఇదే. గట్టి నేత బట్టయితే మాటిమాటికీ మళ్లీ పూసే పని ఉండదు.

[పక్క పెట్టె] ఆరు నెలల లోపు పాపకు

సన్‌స్క్రీన్ అలవాటు చేయొద్దు. నీడలో ఉంచడం, పల్చని నూలు బట్ట కప్పడమే పిల్లల వైద్యులు చెప్పేది. ఆరు నెలలు దాటాక జింక్ ఆక్సైడ్ ఉన్న, సువాసన లేని క్రీము.

[పక్క పెట్టె] అంకె నిజమేనా?

2025లో ఆస్ట్రేలియాలో వినియోగదారుల సంస్థ ఒకటి 20 సన్‌స్క్రీన్లను పరీక్షిస్తే 16 తమ మీద వేసిన ఎస్‌పీఎఫ్‌ను అందుకోలేదు. 50 పైచిలుకు అని వేసినదొకటి 4 దగ్గర ఆగింది. అదే ఏడాది మన దేశంలోనూ రెండు కంపెనీలు ఎస్‌పీఎఫ్ ప్రకటనల మీద హైకోర్టులకెక్కాయి. ఏ ప్రయోగశాలలో పరీక్షించారు, మనుషుల మీద పరీక్షించారా అన్నది కంపెనీని అడగండి. మంచి కంపెనీ ఆ నివేదికను దాచదు.

[పక్క పెట్టె] కొన్నాక

మొదట మోచేతి లోపలివైపు రెండు మూడు రోజులు రాసి, దురద, దద్దుర్లు లేకపోతేనే ముఖానికి వాడండి. ల్యూపస్ వ్యాధి ఉన్నవాళ్లు, డాక్సీసైక్లిన్ లాంటి మందులు వాడుతున్నవాళ్లు చర్మవైద్యులను అడిగి ఎంచుకోవాలి. ఎండలో నిలిపిన కారులో ట్యూబు వదిలేయొద్దు. నీరూ క్రీమూ విడిపోయినా, వాసన మారినా, గడువు దాటినా పారేయండి. ఆక్టోక్రైలిన్ అనే ఫిల్టర్ ఉన్న పాత ట్యూబుల్లో బెంజోఫినోన్ అనే అవాంఛిత పదార్థం పెరుగుతుందని 2021లో ఒక పరిశోధన చెప్పింది. నిరుటి వేసవిది మిగిలి ఉంటే ఈ ఏడు కొత్తది కొనుక్కోండి.