విషానికి తలుపు మూసే గింజ

యూరప్ అడవుల్లో మొలిచే డెత్ క్యాప్ పుట్టగొడుగు చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. ఒక్కటి తిన్నా ప్రాణం మీదికి రావచ్చు. ఎందుకు? దాని విషం కాలేయ కణాల్లో దూరి ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది. 6 నుంచి 12 గంటల దాకా వాంతి కూడా రాకపోవచ్చు. అదే అసలు భయం!

దీనికి విరుగుడుగా ఒక ముళ్ల మొక్క అక్కరకొస్తోంది. పేరు మిల్క్ థిసిల్. ఆకుల మీద పాలు ఒలికినట్టు తెల్లటి చారలుంటాయి, పువ్వు ఊదారంగు. గింజల్లో సిలిబినిన్ అనే పదార్థం ఉంటుంది.

అదెలా పనిచేస్తుంది? కాలేయ కణం పైపొరలో పైత్య లవణాలను లోపలికి తీసుకునే ద్వారాలుంటాయి. విషం దొంగలా వాటిలోంచే దూరుతుంది. సిలిబినిన్ అక్కడ అడ్డుపడుతుంది. అందుకే యూరప్‌లో డాక్టర్లు దాన్ని నరంలోకి ఎక్కిస్తారు. పైగా కాలేయంలోంచి పైత్యరసంతో పేగుల్లోకి దిగిన విషం మళ్లీ కాలేయానికే తిరిగొస్తుంది. ఆ రెండో రాకను ఆపినా రోగికి ఎంతో మేలు.